హీరో తండ్రి బతికే ఉన్నాడు

నా కొడుకు నరేంద్ర సిమెంటు లారీ తోలుకుని వెళ్ళి ఏళ్ళయింది. లారీ దొరికింది, వాడు దొరకలేదు. ఇంట్లో వాడి ఫోటోకి దండ వేయనివ్వను.

వాడి కూతురు సుస్మితకి అంతరిక్షం సినిమాల పిచ్చి. ఒకదాంట్లో హీరో తండ్రి ఎక్కిన నౌక పేలిపోతుంది. రెండో భాగంలో ఆయన వస్తాడా రాడా అని ఫోన్లలో ఒకటే వాదన.

"హీరో గదిలో తండ్రి ఫోటోకి దండ లేదుగా! బతికే ఉన్నాడే," అన్నాను.

సుస్మిత ఎగిరి గంతేసింది. అదే మాట వీడియోలో చెబితే వేలమంది మెచ్చుకున్నారు.

రెండో భాగం విడుదలైన రోజే నందిగామ నుంచి జగ్గయ్యపేట వెళ్ళి చూశాం. మొదట్లోనే తండ్రి శవాన్ని చూపించేశారు. వీడియో చూసిన కుర్రాళ్ళు వెనకనుంచి, "దండ పాపా, ఇప్పుడన్నా వేస్తావా?" అని ఈలలు వేశారు. సుస్మిత తల తిప్పలేదు.

బస్టాండులో అడిగింది. "నానమ్మా, నాన్న వస్తాడా?"

"వస్తాడే."

"ఎలా తెలుసు?"

బస్సు వస్తుందేమోనని రోడ్డు వైపు చూశాను.

"అంటే ఇదీ నీ థియరీయేనన్నమాట," అంది.

నందిగామ బస్సు వచ్చింది. నా పక్క సీటు ఖాళీగానే ఉన్నా, ఊరొచ్చేదాకా సుస్మిత వెనక నిలబడే ఉంది.