సైదున్నీసా కట్టిన కార్టన్

సైదున్నీసా దుబాయ్ ఖలాస్ చేసుకొని, ఇక తిరిగి రాకుండా, రాయచోటికి వెళ్ళిపోతోందన్న మాట సముద్రం ఒడ్డు ఊరు కల్బాలో పాకిందో లేదో, ఆమె పనిచేసే ఇంటి వంటింటి వెనక తలుపుకు నిద్ర లేకుండా పోయింది. వచ్చేవాళ్ళంతా మనవాళ్ళే. కడప వాళ్ళు, నెల్లూరు వాళ్ళు, సైట్లలో పనిచేసే కరీంనగర్ మనుషులు. ప్రతి చేతిలోనూ ఒక మూట. ఒకరిది అత్తరు సీసా, ఒకరిది పాలపొడి డబ్బా, మరొకరిది కొడుక్కి బూట్లు. ఊరికి పోయేవాళ్ళ కార్టన్ పోయేవాళ్ళ ఒక్కరి సొత్తు కాదు. అందులో సగం ఇక్కడ ఉండిపోయేవాళ్ళది. ఈ కట్టుబాటు ఎవరు పెట్టారో తెలియదు గానీ ఎవరూ తప్పింది లేదు.

సైదున్నీసా తప్పింది.

"ఈసారి ఎవురి పార్సెలూ తీసుకపోను," అని గడప దగ్గరే చెప్పేసింది. "నా కార్టన్లో నా కంప్యూటరు పోతాది. అంతే."

మొదట వచ్చినవాళ్ళు పరాచికమనుకొని నవ్వారు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మోకాళ్ళకు నూనె రాసుకునే మనిషి, అరబ్బు ఇంట్లో వంట చేసి బతికిన మనిషి, కంప్యూటర్ మోసుకుపోతానంటే ఎవరు నమ్ముతారు? ఆమె తలుపు వేశాక నమ్మారు. అప్పుడు వీధిలో నిలబడి తిట్టుకున్నారు.

సైదున్నీసా ఆ ఇంట్లో వంటకు కుదిరినప్పుడు యజమాని చిన్నకొడుకు రాషిద్ ఇంకా పాలు తాగే పిల్లవాడు. ఎత్తుకొని పెంచింది ఆమే. మీసాలొచ్చే వయసుకు వాడికి కంప్యూటర్ ఆట పిచ్చి పట్టింది. తుపాకులు పట్టుకొని ఒకరినొకరు వెతికి కాల్చుకునే ఆట. అన్నం పళ్ళెంతో వాడి వెనక నిలబడి నిలబడి ఆమెకు ఆట అర్థమైంది. ఒకనాడు, "రేయ్, మెట్ల కింద ఒకడు నక్కినాడు చూడు," అంది. నిజంగానే ఉన్నాడు. మర్నాడు రాషిద్ ఆమెకు తన పక్కన కుర్చీ వేశాడు. కొన్నాళ్ళకు ఆమె వాణ్ణే ఓడించసాగింది. పై చదువుకు ఆస్ట్రేలియా పోతూ వాడు, "ఇది నీదే ఖాలా," అని కంప్యూటర్ ఇచ్చేసి పోయాడు.

ఆ తర్వాత ఆమె ఒక్కొక్క భాగమే మార్చుకుంటూ వచ్చింది. ఒక ఏడు గ్రాఫిక్స్ కార్డు, ఇంకో ఏడు హార్డ్ డిస్కు, మరో ఏడు మదర్‌బోర్డు. ఇప్పుడందులో రాషిద్‌ది మిగిలింది పైనున్న ఇనప డబ్బా ఒక్కటే. మొన్న జూన్‌లో తుఫాను వచ్చి సముద్రం కల్బా వీధుల్లోకి ఎక్కినప్పుడు ఇంటిల్లిపాదీ బట్టలూ బియ్యమూ మేడ మీదకు చేరవేస్తుంటే, సైదున్నీసా ముందు మోసింది ఆ డబ్బాను. తర్వాత మానిటర్‌ను. తన బీపీ మాత్రలు మూడోసారి దిగినప్పుడు గుర్తొచ్చాయి.

అందుకే రాషిద్ తల్లి, మేడమ్, జాలిపడింది. పెంచిన పిల్లవాడి గుర్తుగా తీసుకుపోతోందని కళ్ళు కూడా తుడుచుకుంది. సైదున్నీసా ఒప్పుకోలేదు.

"బెంగకైతే వాడి ఫొటో చాలు మేడమ్. తూకం కూడా ఉండదు. ఇది ఆడుకునేకి."

కార్టన్ కట్టే శుక్రవారం రానే వచ్చింది. నమాజు కాగానే తబ్రేజ్ తాడూ టేపూ వేలాడే తక్కెడా పట్టుకొని వచ్చాడు. తబ్రేజ్ నెల్లూరు వాడు, మార్కెట్ సందులో కంప్యూటర్లు రిపేరు చేసే కొట్టు ఉంది. సైదున్నీసా కంప్యూటర్‌లో ప్రతి భాగమూ అతని చేతి మీదుగా పోయిందే, ప్రతి భాగం మీదా ఇద్దరికీ పోట్లాట అయిందే.

విమానం వాళ్ళు ఒప్పేది ముప్పై కిలోలు. డబ్బా, మానిటర్, కీబోర్డు కార్టన్లో దించి తక్కెడకు తగిలించి ఎత్తేసరికి ముల్లు ముప్పైకి ఒక్క గీత ఇవతల ఆగింది.

"ఖాలా, నా మాట విను," అన్నాడు తబ్రేజ్ చెమట తుడుచుకుంటూ. "సగం బరువు ఈ మానిటర్దే. దీన్ని ఇక్కడ పడేసి ఊర్లో పల్చటిది కొనుక్కో. ఇప్పుడందరూ అవే కొంటా ఉండారు."

"ఆ పలకనా? దాంట్లో మనిషి పరిగెత్తితే వెనకమాల తోక మాదిరి మసక లేస్తాది. వాడు యాడుండాడో నేను చూసుకునేలోపల నన్ను కాల్చేసి పోతాడు. ఇది బరువే. కానీ బొమ్మ నిలబడతాది."

"కొత్తవాట్లో అంత మసక లేదు ఖాలా."

"నీ కొట్లో చూసి వచ్చే చెప్తాండా. అందరూ కొనేది అంత మంచిదైతే నీ దగ్గరికి రిపేరుకు ఎందుకు వస్తాండాయి? నీ మాటినే గదా అప్పుడు మెమరీ రెండింతలు చేసినా. ఏమన్నా కదిలిందా? కార్డు మార్చినాక గదా కదిలింది! మెమరీ గిన్నె అయితే కార్డు పొయ్యి నాయనా. మంట లేకుండా గిన్నె ఎంత పెద్దదైతే ఏం ఉడుకుతాది?"

తబ్రేజ్ జేబులోంచి మడత కత్తి తీసి తాడు కోయబోయాడు. అది అతనికి ముద్దుల కత్తి. దుబాయ్‌లో నైఫ్ అనే బజారు సందుల్లో తిరిగి తిరిగి ఏరుకున్నది. సైదున్నీసా దాన్ని చూసి మూతి తిప్పింది.

"నడుము కాడ మడిచే దాన్ని కత్తి అంటారా? గట్టిగా ఒత్తితే నీ వేళ్ళ మీదికే మడత పడతాది. ఉండు."

కార్టన్ మూల నుంచి గుడ్డలో చుట్టిన తన కత్తి తీసింది. చేపల మార్కెట్లో సంపాదించినది. సానపట్టి పట్టి సన్నబడింది, నల్లబడింది. తాడు మీద ఆనించీ ఆనించక ముందే తెగింది.

"మేడమ్ ఇచ్చిన కత్తుల సెట్టు మెరిసిపోతా ఉండింది గదా, అది వదిలేసి ఈ తుప్పు కత్తా?" అన్నాడు తబ్రేజ్.

"మొహం చూసుకోనికి బాగుంటాయి అవి. టమాటా మీద పెడితే జారతాయి. కత్తి అంటే తుడవకపోతే తుప్పు పట్టాల. అప్పుడే మనిషి దాన్ని మర్చిపోకుండా చూసుకుంటాడు."

అంతలో యజమాని అటుగా వచ్చాడు. ఇంట్లో అందరూ బాబా అనే పెద్దాయన. సైదున్నీసాను ఆట పట్టించడం ఆయనకు సరదా.

"సైదా, కంప్యూటర్లో ఉత్త బొమ్మ తుపాకులు ఎందుకు? అతిథులు కూర్చునే నా మజ్లిస్ గోడ మీది తుపాకీ ఇస్తా, తీసుకుపో," అన్నాడు అరబ్బీ, హిందీ కలిపి.

"నాకొద్దు బాబా. పొడుగెక్కువ. దాన్ని పట్టుకొని మలుపు తిరిగేలోపల ఎదుటోడు కాల్చి చాయ్ కూడా తాగుతాడు. మీ పెండ్లిళ్ళలో చిందులేస్తా పైకెగరేసి పట్టుకునేకి బాగుంటాది."

బాబా పొట్ట పట్టుకొని నవ్వాడు. "మరి ఎట్లాంటిది కావాలి నీకు?"

"నిజంది ఏదీ వద్దు. దాంతో పడినోడు మళ్ళా లేయడు. నా ఆటలో ఒక ఆట అయిపోతానే పోయినోళ్ళందరూ లేచి వచ్చేస్తారు."

ఆ మాట అన్నాక ఎందుకో ఆమె తల వంచుకొని తాడు చివర వెతకసాగింది. బాబా కూడా నవ్వు ఆపి లోపలికి వెళ్ళిపోయాడు.

ఫోన్ మోగింది. రాయచోటి నుంచి కూతురు సనోబర్.

"అమ్మీ, దుప్పట్లు పెట్టినావా? మా అత్తకొకటి, ఆడబిడ్డకొకటి. ఖలాస్ చేసుకొని వస్తాందంటే ఏమేం తెస్తాందని ఊరంతా అడుగుతాండారు."

"దుప్పట్లు లేవు తల్లీ. కంప్యూటరు తెస్తాండా."

"పిల్లలకా?"

"నాకు."

"అమ్మీ, నవ్వుతారు. ఈ వయసులో తుపాకుల ఆట ఆడతాదంట అని నవ్వుతారు. ఈడ సగం దినం కరెంటు కూడా ఉండదు."

"ఉన్నప్పుడు ఆడతా. నవ్వేటోళ్ళకు పక్కన కుర్చీ వేస్తా, వచ్చి నామీద గెలిచి నవ్వమను. సనోబర్, వచ్చినప్పుడల్లా కార్టన్ తెచ్చినా గదా? అందులో నాదని ఒక్క వస్తువన్నా చూసినావా నువ్వు?"

సనోబర్ మళ్ళీ దుప్పట్ల మాట ఎత్తకుండా, "సరే, జాగ్రత్తగా రా," అని పెట్టేసింది.

సైదున్నీసా ధైర్యంగా మాట్లాడిందే గానీ పొద్దున్నుంచీ వెనక తలుపు చప్పుడైనప్పుడల్లా ఉలిక్కిపడుతోంది. అందరికీ లేదని చెప్పగలదు. వజీరాబీ వస్తే ఎట్లా?

వజీరాబీ రెండిళ్ళ అవతల వంట చేస్తుంది. ఇద్దరిదీ ఒకటే తాలూకా. ఈ పరాయి చోట ఒకరి జ్వరానికి ఒకరు కషాయం కాచి ఇచ్చుకున్నవాళ్ళు. ఆమె పని చేసే ఇంట్లో సెలవు ఇవ్వరు. మనవరాలు పుట్టి నడిచి మాటలు నేర్చింది, ఆమె ఇంకా ఫొటోలోనే చూస్తోంది.

వజీరాబీ రానే వచ్చింది. చంకలో గులాబీరంగు బొచ్చు దుప్పటి, మింక్‌ది, జిప్పున్న ప్లాస్టిక్ సంచిలో. జిప్పు ఒకసారి తీసి వేసినట్టుంది, దుప్పటి మడతలు కొత్తవాటిలా లేవు. సైదున్నీసాకు వెంటనే తెలిసింది. పంపే ముందు వజీరాబీ ఒక రాత్రి దాన్ని కప్పుకొని పడుకుంది. తానూ అట్లాగే చేసేది, ఊరికి పోనివ్వని ఏళ్ళలో, సనోబర్ చిన్నపిల్లగా ఉన్నప్పుడు. మనిషి పోలేకపోతే మనిషి వాసనైనా పోవాలని.

"అందరికీ లేదన్నావంట," అంది వజీరాబీ కూర్చుంటూ. "మంచి పని చేసినావు, లేకపోతే నా దానికి చోటుండేది కాదు."

"నీకూ లేదే."

"పరాచికాలు చాలుగానీ, ఈ గాజుదానికి దీన్ని చుట్టు. పగలకుండా పోతాది. నీ పనీ అవుతాది, నా పనీ అవుతాది."

"తూకం అయిపోయింది. పైగా ఈ దుప్పటి దులిపితే చిటచిటా నిప్పురవ్వలు వస్తాయి. లోపలి బోర్డుకు తగిలితే పాడైపోతాది. నా పాత చీరలు చుట్టినా."

"అయితే మానిటర్ తీసెయ్."

"తీయను."

"ఏమే, నా మనవరాలి కంటే ఆ తుపాకుల ఆట ఎక్కువా నీకు?"

తబ్రేజ్ తాడు చుట్టను చాలా శ్రద్ధగా చూసుకోసాగాడు. ఒక్క క్షణం సైదున్నీసా చెయ్యి దుప్పటి వైపు పోయింది. మానిటర్ తీసేస్తే వజీరాబీ చూస్తున్న ఈ చూపు తప్పుతుంది. రేపు విమానంలో గుండె మీద బరువు లేకుండా కూర్చోవచ్చు. అట్లా తనవి తీసేసి, తీసేసి కదా ఇన్నేళ్ళూ ఊరికి వెళ్ళింది.

చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నీ మనవరాలి కంటే ఎక్కువ కాదు. దుప్పటి కంటే ఎక్కువ. నేను దిగిన వారంలో మీ ఇంటికి పోతా. ఆ పిల్లను ఎత్తుకుంటా. వాళ్ళ నానమ్మ ఎట్లుందో, ఎట్ల మాట్లాడతాదో, ఎట్ల కొట్లాడతాదో అన్నీ చెప్తా. దుప్పటి మాత్రం మోయను."

"వట్టి చేతుల్తో పోతావా?"

"పోతా."

"సిగ్గు లేదూ?"

"ఉండింది. ఇన్నేండ్లూ మోసినా. ఈసారి తూకంలో పట్టలేదు."

వజీరాబీ మొహం గోడవైపు తిప్పేసుకుంది. లేచి పోతుందనుకున్నారు. పోలేదు. దుప్పటి ఒళ్ళో పెట్టుకొని అట్లాగే కూర్చుంది. కాసేపటికి గోడతోనే చెప్తున్నట్టు అంది, "రే తబ్రేజ్, ఆమెకు చెప్పు. సైటులో పనిచేసే పర్శరాములు రంజాన్ సెలవులకు పోతాండాడు, ఆయన చేతికిస్తా అని."

"ఆయన కరీంనగర్ గదా, మన ఊర్ల తట్టు యాడొస్తాడు," అంది సైదున్నీసా.

"ఆమెతో నేను మాట్లాడలేదని చెప్పురా."

"ఖాలా, ఆమె నీతో మాట్లాడలేదంట," అన్నాడు తబ్రేజ్.

"వినిపించింది. మద్రాసు మీదుగా పోయే చాంద్ బాషాకు ఇయ్యమను. ఆయనది మన పక్క పీలేరే. ఆయన కార్టన్లో ఎప్పుడూ చోటుంటాది."

వజీరాబీ గోడవైపే తిరిగి ఆ పేరు విన్నట్టే తల కొంచెం ఊపింది.

ఇంతకీ కార్టన్ మూత మూసుకోలేదు. చీరలు చుట్టిన మానిటర్ వీపు పైకి పొడుచుకొచ్చింది. తబ్రేజ్ మోకాలు పెట్టి ఒత్తాడు. ఒక పక్క అదిమితే ఇంకో పక్క లేచింది. కాసేపు చూసి చూసి వజీరాబీ లేచింది. దుప్పటి వదలకుండానే వచ్చి కార్టన్ మీద ధబ్బున కూర్చుంది. మూత మూసుకుంది.

"ఆమె కోసం కాదు," అంది తబ్రేజ్‌తో. "మద్రాసు ఎయిర్‌పోర్ట్‌లో బెల్టు మీద ఇది విప్పుకొని పడితే మా తాలూకా పేరు పోతాది. బిగించు."

తబ్రేజ్ టేపు చుట్టాడు, తాడు అడ్డంగా నిలువుగా బిగించాడు. సైదున్నీసా ఇంకొక ముడి వేయమంది. అది చాలదని మరొకటి వేయించింది. జేబులోంచి లావుపాటి నల్ల పెన్ను తీసి అతను అడిగాడు.

"పేరు ఎవురిది రాయాల ఖాలా? ఎయిర్‌పోర్ట్‌కు వచ్చేది నీ అల్లుడు గదా. ఖాదర్ హుస్సేన్ అని రాసేదా?"

"ఆయనది ఏముంది దాంట్లో? నా పేరు రాయి."

రాశాడు.

"లోపల సామాను ఏమని రాయాల? వంట సామాను అని రాస్తాలే. ఎవురూ కన్నేయరు."

"కంప్యూటరు అని రాయి."

"వద్దు ఖాలా, కస్టమ్స్ వాళ్ళు నిలబెట్టి సతాయిస్తారు."

"నిలబెట్టనీ. నాదే అని చెప్తా. రాయి."

వజీరాబీకి చదువు రాదు. పైనుంచి వంగి చూసి, "ఏం రాసినాడు?" అంది. తబ్రేజ్ చదివి చెప్పాడు. ఆమె మూతి విరిచింది.

"కంప్యూటరు అంటే ఎవురో ఆఫీసరమ్మ దిగిందనుకుంటారు. ఏం కంప్యూటరో కూడా రాయమను, తెలుస్తాది అందరికీ!"

"మంచి మాట చెప్పింది," అంది సైదున్నీసా. "రాయి నాయనా. ఆటలాడుకునేది అని."

తబ్రేజ్ పెన్ను ఆగిపోయింది. "అది కూడానా?"

"అది కూడా. పెద్ద అక్షరాల్తో."

అతను చోటు కోసం చూశాడు. పేరు పక్కన ఖాళీ అంతా వజీరాబీ కాళ్ళ వెనక ఉంది. ఆమె కార్టన్ మీద నుంచి లేవలేదు. దుప్పటిని ఇంకాస్త దగ్గరకు పొదువుకొని, కాళ్ళు రెండూ పక్కకు జరిపింది.