ఎత్తని చెయ్యి

ఆనాడు రింగు ఎవరి ఓణీకి తగిలిందో రత్నానికి తెలుసా, తెలియదా? పెళ్ళికి ముందు నుంచీ హైమవతి మోస్తున్న అనుమానం అది. ఇప్పుడు అడిగేస్తే తీరిపోతుంది. రత్నం ఎదురుగానే ఉంది, వలకి అవతల, మోకాళ్ళు కాస్త వంచి, పోయిన మార్గశిరంలో కన్నుమూసిన మనిషిలా కాక, ఇప్పుడే ఆఖరి గంట విని గ్రౌండులోకి పరిగెత్తుకొచ్చిన బడిపిల్లలా. ఆకుపచ్చ ఓణీ కొంగు బొడ్లో బిగించి దోపుకుంది, జుట్టు మాత్రం నెరిసే ఉంది. ఆ రెండూ ఒక్క మనిషికి ఎలా కుదిరాయన్న ఆలోచన హైమవతికి రావడం లేదు.

"చూస్తావేంటే, వెయ్యి!" అంటోంది రత్నం.

హైమవతి చేతిలోని ఎర్ర రబ్బరు రింగు విసురుతుంది. అది ఊగకుండా, వణక్కుండా వల మీదుగా మెల్లగా సాగి, రత్నం చేతిలో పడేసరికి గారె అయిపోతుంది. రత్నం కొరికి మొహం చిట్లిస్తుంది.

"నా పదకొండో రోజున వండిన గారెలేనా ఇవి? పప్పు నానలేదే. నువ్వే కదా దగ్గరుండి రుబ్బించావ్?"

"మీ ఆడపడుచు తొందరపెట్టేసింది. గట్టిగా వచ్చాయని నాకూ తెలుసు. ఎవరితోనూ అనలేదు."

"అనవుగా. నీకది చిన్నప్పటి అలవాటేగా," అని రత్నం నవ్వుతుంది. ఆ నవ్వులో కోపం లేదు. అందుకే హైమవతి తల దించుకుంటుంది.

దించుకుంటే నేల మీద సున్నం గీతలు కనిపిస్తాయి. అవి గీతలుగా మొదలై, వంపులు తిరిగి, ముగ్గు అవుతాయి. గ్రౌండు మెల్లగా హైమవతి ఇంటి పెరడు అవుతుంది, వల బట్టలారేసే తీగ అవుతుంది, తీగ మీద రెండు ఓణీలు పక్కపక్కనే గాలికి ఒకదాన్నొకటి తాకుతూ ఊగుతుంటాయి. ఒకటి ఆకుపచ్చది, ఒకటి నేరేడుపండు రంగుది. ఆ నేరేడుపండు రంగుది తనదే. దాన్ని చూడకుండా ఉండాలని ఎటు తిరిగినా అటే ఆ తీగ ఉంటుంది.

వాళ్ళ బళ్ళో ఆటకి ఒక పద్ధతి ఉండేది. రింగుని ఒంటిచేత్తో పట్టాలి, పట్టిన వెంటనే తిరిగి విసిరెయ్యాలి, ఒంటికి గాని బట్టకి గాని తగిలితే తప్పు. అయితే ఓణీలతో ఆడే ఆడపిల్లలకి కొంగు అంచు ఎప్పుడు తగిలిందో బయటివాళ్ళకెలా తెలుస్తుంది? "అంపైరు కన్ను బట్టల మడతల్లోకి పోదమ్మా, తగిలిన పిల్లకే తెలుస్తుంది. చెయ్యెత్తి 'నాది' అనండి," అని చెప్పేవారు డ్రిల్లు పంతులమ్మ. ఓడిపోతున్నా సరే, పిల్లలందరూ అలాగే ఎత్తేవారు.

ఫైనలు రోజున స్కోరు సమానంగా ఉన్నప్పుడు, ఒకే జట్టులో ఆడుతున్న ఇద్దరి మధ్యకి రింగు వచ్చింది. హైమవతీ రత్నమూ ఒకేసారి దూకారు, అందింది మాత్రం హైమవతి చేతికి. అందుతూ దాని అంచు ఆమె కొంగుని సన్నగా రాసుకుంది. ఆమెకి తెలిసింది. తెలిసీ విసిరేసింది, అవతలివాళ్ళు పట్టలేకపోయారు, వాళ్ళ బడి పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల మధ్య రత్నం చెయ్యి పైకి లేచింది. "నాది. నా ఓణీకి తగిలింది." పాయింటు పోయింది, ఆట పోయింది, కప్పు పొరుగూరికి పోయింది. తిరుగు బస్సులో పిల్లలందరూ రత్నాన్ని తిట్టారు. అందరికన్నా ముందు తిట్టింది హైమవతి.

ఇప్పుడు ఆ బస్సే పెరట్లోంచి వెళుతోంది. కిటికీ పక్కన రత్నం, ఆమె పక్కన హైమవతి, వెనక సీట్లన్నీ తులసి మొక్కలు. ఎవరూ తిట్టడం లేదు. అదే భరించలేకుండా ఉంది.

"లహరి ఎలా ఉందే?" అంటుంది రత్నం, బయటికి చూస్తూనే.

లహరి హైమవతి కూతురు, తొమ్మిదో తరగతి. ఆ పిల్లకి రింగు పట్టడం నేర్పింది రత్నమే. సాయంత్రాలు వీధి పిల్లల్ని పోగేసి ఆడించేది. చెయ్యెత్తడమూ ఆమే నేర్పింది.

"నాతో మాట్లాడ్డం లేదు," అంటుంది హైమవతి. "మొన్న జిల్లా పోటీల్లో రింగు దాని జడకి తగిలిందట. అంపైరు చూడలేదు. ఇదే చెయ్యెత్తింది. ఓడిపోయారు. నేను అందరి ముందూ..."

"ఏమన్నావ్?"

"నీకు తెలుసుగా."

"తెలిస్తే మటుకు? నీ నోటితో విందామని."

"నిన్నెవరడిగారే, హరిశ్చంద్రుడి చుట్టానివా అన్నాను." హైమవతి ఆగుతుంది. బస్సు కూడా ఆగుతుంది. "ఆ రత్నం కూడా ఇలాగే మమ్మల్ని ఓడించింది, పోతూ పోతూ నీకు ఇదొకటి అంటించి పోయింది అన్నాను. అది రింగు తీసుకెళ్ళి అటక మీద పడేసింది. ఇక ఆడనంటోంది."

రత్నం ఒళ్ళో రింగు ఉంది, దాన్ని వేలితో తిప్పుతూ ఉంటుంది.

"ఒసే హైమా, రింగు చేతికొస్తే ఏం చేస్తాం?"

"విసిరేస్తాం."

"పట్టుక్కూర్చుంటామా?"

"కూర్చోం. తప్పు కదా."

"కోపం కూడా అంతేనే. చేతికి రాకుండా ఎలా ఉంటుంది? పిల్లలున్న ఇల్లు. వచ్చింది వచ్చినట్టు వదిలెయ్యాలి. వదిలేటప్పుడు పైకి వెయ్యాలి, అవతలిపిల్ల అందుకునేలాగ. నువ్వేమో కిందికి కొట్టావ్, పిల్ల మొహం మీదికి. ఏ కాలం నాటిదో పట్టుక్కూర్చుని మరీ కొట్టావ్."

"నేను రోజూ దీపం పెడతానే రత్నం," అంటుంది హైమవతి, ఎందుకంటోందో తనకే తెలియకుండా. "శుక్రవారం సహస్రనామం తప్పలేదు. అమ్మవారు చూడదా అని ఒక్కోసారి అనిపిస్తుంది. చూస్తే మరి ఇన్నేళ్ళూ ఏమీ అనదేం?"

"ఆవిడా అంపైరేననుకున్నావేంటి, ఈల వెయ్యడానికి? రెండు చేతులూ జోడిస్తావు. ఒక్క చెయ్యి ఎత్తడానికేం బరువే నీకు?"

ఇప్పుడు అడగాలి. బస్సు మళ్ళీ గ్రౌండు అవుతోంది, చప్పట్లు దూరం నుంచి వానలా దగ్గరికి వస్తున్నాయి.

"ఆ రోజు నీకు తెలుసా? ఎవరి ఓణీయో?"

"పక్కనే ఉన్నాను. తెలీకపోవడానికి గుడ్డిదాన్నా? నీ మొహం కూడా చూశాను. చెయ్యి ఇదిగో లేస్తుంది, అదిగో లేస్తుందని చూశాను. అటుపక్క పిల్ల ఒకతి ఏడుస్తోంది. ఎవరిదో ఒకరిది లేవాలిగా. మనిద్దరిదీ ఒకే పక్కాయె."

"మరి నేను తిడుతుంటే..."

"ఇవాళ చెప్తావు, రేపు చెప్తావని చూశాను. తర్వాత నీ కూతుర్ని నా దగ్గరికి తీసుకొచ్చి, దీనికి నీ ఆట నేర్పవే అన్నావ్. అదే చెప్పడం అనుకున్నాను. సగం చెప్పినట్టే." రత్నం రింగు పైకి వేస్తుంది, తేలిగ్గా, అందుకునేలాగ. "మిగతా సగం ఆ పిల్లకి ఇచ్చెయ్. నాకిప్పుడు దాంతో పనేముంది?"

రింగు వస్తోంది. హైమవతి చెయ్యెత్తుతుంది. చెయ్యి ఇనప గుండులా బరువు, మోచెయ్యి దాటదు. రత్నం పలచబడుతోంది. ఆకుపచ్చ ఓణీ మాత్రమే తీగ మీద మిగిలింది. హైమవతి ఏడుస్తూ, పళ్ళు బిగించి, ఇంకొంచెం, ఇంకొంచెం...

కళ్ళు తెరిచేసరికి తెల్లారింది. ఆమె కుడిచెయ్యి తల వెనక మంచంకోడుకి ఆనుకుని నిటారుగా పైకి లేచి ఉంది. ఎప్పటి నుంచి అలా ఉందో, తిమ్మిరెక్కి తనది కానట్టే ఉంది. లహరి జడ అల్లుకుంటూ గది దాటబోయి, గుమ్మంలో ఆగింది. మొన్నటి నుంచి మొదటిసారి తల్లి వంక చూసింది.

"ఏంటమ్మా ఆ చెయ్యి?"

హైమవతి లేచి కూర్చుంది. చెయ్యి దించలేదు.

"నాది," అంది.

"ఏంటి నీది?"

"మొన్న నిన్నన్న మాట. తప్పు నాది." ఊపిరి పీల్చుకుంది. ఆ తర్వాతి మాట కోసం చాలా దూరం వెళ్ళి రావలసి వచ్చింది. "మా చిన్నప్పటి ఫైనల్లో తగిలింది మీ రత్నం పిన్ని ఓణీకి కాదే. నా ఓణీకి. నాకు తెలుసు. తనకీ తెలుసు. నేను ఎత్తకపోతే తను ఎత్తింది."

లహరి జడ అల్లడం ఆపేసింది. తల్లి మొహం వంక, పైనే ఉన్న ఆ చేతి వంక చూసింది. కళ్ళు నిండాయి గానీ తుడుచుకోలేదు.

"పిన్ని నాతో ఒక్కసారీ చెప్పలేదు," అంది.

"చెప్పదు."

పిల్ల వంటింట్లోకి వెళ్ళి, ఎత్తుపీట లాక్కొచ్చి, అటక కింద వేసి ఎక్కింది. ఇత్తడి గంగాళాల వెనక తడిమి, బూజు అంటుకున్న రింగుని బయటికి లాగింది. దాన్ని లంగాకి తుడుస్తూ, అంపైరు చెప్పినట్టు గట్టిగా అంది.

"పాయింటు పిన్నికి."

అప్పుడు గానీ హైమవతి చెయ్యి దించలేదు.