ఎనభై దాటిన పసివాడు

తెల్లారేసరికి ఆకాశం ఎర్రమట్టి కలిపిన నీళ్ళలా ఉంది. రాత్రంతా ఉత్తరపు గాలి వీచి, దున్నిన పొలాల దుమ్మంతా పైకి లేపింది. సూర్యుడిని కళ్ళు చిట్లించకుండానే చూడొచ్చు. నొలీన్ పాస్కో షెడ్డు తాళం తీసి, ముందుగా బల్లమీది ల్యాప్‌టాప్‌లు తుడిచింది.

అవన్నీ ఎవరో వద్దనుకున్న పాతవే. ఆ షెడ్డులోనే బాగుచేశారు. మొన్నటి గడ్డిమంటల్లో ఇళ్ళు పోయిన పిల్లలకి ఇవ్వాలి. అన్నిట్లోనూ కరవాంగ్ ఉంది. అదొక నల్లపక్షి పేరు పెట్టుకున్న ఆపరేటింగ్ సిస్టమ్. జీతం బత్తెం లేకుండా నలుగురూ నాలుగు చోట్ల కూచుని రాస్తారు. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. టెలిఫోను స్తంభాలెక్కే ఉద్యోగం మానేశాక నొలీన్ ఇందులో పడింది. కరవాంగ్‌ని కంప్యూటర్లోకి ఎక్కించే భాగమంతా ఆమె చేతిలోదే.

మొన్న సోమవారం కొత్త చట్టం వచ్చింది. ఖాతా తెరిచేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమే వయసు అడగాలి. అడగనిదాన్ని ఇక్కడ ఎవరికీ ఇవ్వకూడదు. మధ్యాహ్నం పిల్లలొచ్చేలోపు తేలకపోతే బల్లమీదివి బల్లమీదే ఉంటాయి.

"ఒక్క వాక్యం రాసి పారేద్దాం," అన్నాడు రావిరి తెరమీంచి. అతనూ కరవాంగ్ రాసేవాళ్ళలో ఒకడు. సముద్రానికి అవతల, వేరే దేశంలో, హోకిటికా అనే ఊళ్ళో ఉంటాడు. అక్కడ ఆ చట్టం లేదు. "మీ ప్రాంతం వాళ్ళు కరవాంగ్ వాడకూడదు అని. చాలామంది అదే చేస్తున్నారు."

"నేనూ ఆ ప్రాంతందాన్నేగా గురూ. నేను వండింది నేనే తినకూడదా?"

"ఇవాళ వయసంటారు. రేపు కార్డు చూపించమంటారు. ఎల్లుండి మొహం చూపించమంటారు."

"కార్డు అడిగిన రోజు నేనే మానేస్తాను. ఇవాళ అడిగింది వయసేగా."

బల్ల అవతల మిక్ వెల్లా కూచుని ఉన్నాడు. ఊళ్ళో పొలాల రిజిస్ట్రేషన్లు చూసే వకీలు. కరవాంగ్‌కి ఉన్న న్యాయశాస్త్రమంతా అతనే. "నువ్వు రాసిన వయసు ప్రశ్న పని చేస్తుందో లేదో చూపించు నొలీన్. తర్వాత పోట్లాడుకోండి."

ఆ షెడ్డులో ఒక ఆచారం ఉంది. ఆల్బీ క్విర్క్ వేళ్ళు పడందే ఏదీ బయటికి పోదు. ఆల్బీకి ఎనభై దాటాయి. నొక్కకూడని మీట ఏదైనా ఉంటే అతని వేలు దానిమీదికే పోతుంది. అందుకే పరీక్షకి అతన్ని మించినవాడు లేడు.

ఆల్బీ కళ్ళజోడు పైకి తోసుకుని, పుట్టినరోజు ఒక్కో అంకే కొట్టాడు. సంవత్సరం 1944. తెర కాసేపు ఆలోచించి ఒక మాట చూపించింది. అతను పెద్దగా చదివాడు.

"మీరు చిన్నవారు. అమ్మనో నాన్ననో పిలవండి."

ఆల్బీ కళ్ళజోడు తీసి నొలీన్ వైపు తిరిగాడు.

"మా అమ్మ శ్మశానంలో ఉందమ్మాయ్," అన్నాడు ఆల్బీ. "వెళ్ళి పిలవమంటావా? వచ్చిందంటే మాత్రం ముందు నీ చెవి మెలిపెడుతుంది."

మిక్ బల్లమీద తల పెట్టుకుని నవ్వాడు. అవతల రావిరి కుర్చీ కిర్రుమంది. నొలీన్ మాత్రం తెరమీదికి వంగింది. తప్పు ఎక్కడుందో ఆమెకి వెంటనే తెలిసింది. కంప్యూటరు కాలాన్ని 1970 మొదటి రోజునుంచి లెక్కపెడుతుంది. అంతకు ముందు పుట్టినవాళ్ళు సున్నాకి కిందికి పోతారు. సున్నాకి కిందున్న తేదీ తప్పు తేదీ అనీ, తేదీ తప్పైతే పసివాడి కింద జమకట్టమనీ రాసింది తనే. మేనకోడలి పుట్టినరోజు వేసి చూసింది, ఎదురింటి కుర్రాడిది వేసి చూసింది. తనది మాత్రం వెయ్యలేదు. వేసుంటే తననీ అమ్మని పిలవమనేది.

"ఇంకెక్కడెక్కడ ఇలా ఉందో?" అన్నాడు మిక్ కళ్ళు తుడుచుకుంటూ. "టైము లేదు. ఆ వాక్యం రాసెయ్యి."

నొలీన్ పిల్లల ల్యాప్‌టాప్‌ల వంక చూసింది. ఒకదానిమీద ఎవరిదో పేరు అప్పుడే అంటించి ఉంది.

"మిక్, చట్టంలో పుట్టినరోజు అడిగి దాచుకోమని ఉందా?"

"లేదు. ఏ వయసు గుంపులో ఉన్నారో అడగమంది. అంతే."

"అబద్ధం చెప్తే?"

"అడగమంది. పట్టుకోమనలేదు."

"మరి తేదీతో మనకేం పని?"

ఆమె కుర్చీ ముందుకి లాక్కుంది. తేదీ అడిగే ముక్క తీసేసింది. దాన్ని దాచే ముక్క తీసేసింది. లెక్కగట్టే ముక్క, లెక్క తప్పితే సర్దే ముక్క, అన్నీ తీసేసింది. తీస్తున్నకొద్దీ వేళ్ళకి హుషారొచ్చింది. రాసినప్పుడు రాని సంతోషం చెరిపేటప్పుడు వచ్చింది. చివరికి తెరమీద మిగిలింది ఒకటే ప్రశ్న, దానికింద నాలుగు గుంపులు. తాకితే చాలు. ఆ జవాబు ఆ కంప్యూటరు దాటి ఎక్కడికీ పోదు.

ఆల్బీ కావాలనే మొదట పదమూడేళ్ళ లోపు అన్నది నొక్కాడు. అమ్మని పిలవమంది. "ఇదొదిలేలా లేదు," అని గొణుక్కుని, వెనక్కొచ్చి అన్నిటికంటే కింద ఉన్నది నొక్కాడు. తెరమీద నల్లటి పక్షి రెక్కలు విప్పింది.

"పెద్దవాణ్ణయ్యాను!" అని లేచి, మిక్ భుజం పట్టుకుని బల్ల చుట్టూ ఒక చుట్టు ఆడేశాడు.

కరవాంగ్‌లో ఏ మార్పు పోవాలన్నా, రాసినవాళ్ళ పేరు కాకుండా ఇంకో పేరు పడాలి. ఆ పేరు రావిరిది. అతను గీతగీతా చదువుతున్నాడు. నొలీన్ గోరు కొరుక్కుంది. ఆల్బీ ఆట ఆపేశాడు.

"శుభ్రంగా ఉంది," అన్నాడు రావిరి ఎట్టకేలకు. "నాకు నచ్చలేదు. కానీ శుభ్రంగా ఉంది. పేరు పెట్టేశాను."

"నచ్చకుండానే?"

"నీ పిల్లల కంప్యూటర్లని నేనెందుకు ఆపుతాను? నా దగ్గరున్నదాంట్లో ఈ ప్రశ్న పీకేసుకుంటాను."

"పీకేసుకో గురూ. ఎక్కడ కత్తిరించాలో గుర్తుపెట్టి ఇస్తాను."

"ఏం అక్కర్లేదు, నాకూ కళ్ళున్నాయి," అని నవ్వి తెర ఆర్పాడు.

పిల్లలని తీసుకుని తల్లులు మధ్యాహ్నానికి వస్తారు. ముగ్గురూ కూచుని ఒక్కో ల్యాప్‌టాప్‌లోకీ కొత్తది ఎక్కించారు. అది ఎక్కుతుండగానే ఆల్బీ బయట ఇనప రేకు వేడిచేసి, సాసేజీలూ ఉల్లిపాయలూ వేశాడు. రొట్టె ముక్కల్లో చుట్టి, పైన ఎర్ర సాస్ పోసి, తలా ఒకటి చేతిలో పెట్టాడు. బల్లమీద చోటు లేదు. ముగ్గురూ గుమ్మం మెట్టుమీద ఒకరిపక్కన ఒకరు ఇరుక్కుని కూచున్నారు. కారే సాస్‌ని వేళ్ళతో తుడుచుకుంటూ తిన్నారు.