కుంకుమ పట్టిన వాచీ

"ఆ వాచీ ఈ పొద్దు నడవలేదంటే, తిరిగి పోయేటప్పుడు కుందూ యేట్లో పారేస్తా. మళ్లా ఏడ్వాకు," అన్నాడు కిరణ్, నంద్యాల బజారులో కారు ఓ వారగా ఆపుతూ.

అతని తల్లి కృష్ణమ్మ కొంగు ముడిలో ఉన్న వాచీని పైనుంచే తడిమి చూసుకుంది. తెల్లారితే ఆళ్లగడ్డలో కొత్తింట్లో పాలు పొంగించాలి. నిలిచిపోయిన గడియారం ఏదీ గడప దాటి లోపలికి రాకూడదని పురోహితుడు గట్టిగా చెప్పిపోయాడు. కోడలు కల్పనకు నెలలు నిండాయి. కొడుకు భయం కొడుకుది.

ఆమె భయం వేరు. ఆపరేషనుకు తీసుకుపోతుంటే భర్త లక్ష్మీనారాయణ ఆ వాచీ విప్పి ఆమె అరచేతిలో పెట్టాడు. "పట్టుకో మే, వచ్చినాక తీసుకుంటా," అన్నాడు. తలుపు మూసుకున్నాక ఆయన గొంతు మళ్లీ వినలేదు. ఆమెను విడిచి పోయినవాళ్లంతా ఏదో ఒక మాట చెప్పే పోయారు. చేతికి ఒకటి ఇచ్చి పోయింది ఆయన ఒక్కడే.

అబ్రహాము దుకాణం రెండు గోడల మధ్య ఇరికించిన బీరువాలా ఉంది. కీ ఇచ్చే పాత వాచీలు బాగుచేయడానికి ఆయన పేరే చెబుతారు. కంటికి అద్దం బిగించుకొని, వెనక మూత తీసి చూశాడు. వెంటనే తల ఎత్తాడు.

"ఏంది పెద్దమ్మా, దీనికి పెండ్లి జేసినావా?"

"ఏమైంది నాయనా?"

"లోపలంతా కుంకుమ. పసుపు గూడా ఉండాది."

కృష్ణమ్మ ముందుకు వంగి చూసింది. ప్రతి దసరాకూ కొడుకు ట్రాక్టరుకూ మోటారుకూ పూజ చేస్తుంటే, ఆమె దేవుడి గూట్లోంచి వాచీని దించి, తడిగుడ్డతో తుడిచి, పసుపు రాసి బొట్టు పెట్టేది. కీ దగ్గర నిండుగా పెట్టేది, భర్త వేళ్లు ఆడిన చోటని.

"టెంకాయ గూడా కొట్టినావా?"

"కొట్టినా. దాని మీద గాదులే, పక్కన."

"ఆ నీళ్లు గూడా తాగినట్లుండాది. కీ సందులోంచి దిగి, నూనెలో కలిసి, మడ్డి కట్టింది. తుప్పు గూడా పట్టింది."

కిరణ్ నవ్వబోయి, తల్లి ముఖం చూసి ఆగాడు. ఇన్నేళ్లూ వాచీ గొంతును ఆమె తన చేతులతోనే పూడుస్తూ వచ్చిందన్నమాట.

అబ్రహాము సొరుగు లాగి ఇంకో వాచీలోని మిషను తీసి చూపించాడు. "ఇదీ అదే రకం. లోపలిది మార్చేస్తే బాగా నడుస్తాది. ఉన్నదాన్నే కడగమంటే నాకు నమ్మకం లేదు. ఈ చక్రానికి చుట్టల స్ప్రింగు ఉండాది సూడు, వెంట్రుక కంటే సన్నం. తుప్పు తినుంటే ముట్టుకుంటానే తెగుతాది."

"మార్చేయన్నా," అన్నాడు కిరణ్. "లోపల ఏముంటే ఎవురికి తెలుస్తాది?"

"నాకు తెలుస్తాది," అంది కృష్ణమ్మ. "ఆయన చెయ్యి నా తలకింద పెట్టుకుంటే ఇనిన సద్దు అది. దాన్నే కడుగు నాయనా."

"తెగితే?"

ఆమె కొడుకు వైపు చూసింది. "తెగితే నువ్వు పారేసే పని లేదు. యేట్లో నేనే ఏస్తా."

అనేసి స్టూలు మీద కూలబడింది.

అబ్రహాము పట్టకారుతో ఆ చిన్న చక్రాన్ని పైకి లేపాడు. దాని కింద స్ప్రింగు వేలాడింది, చుట్టలన్నీ అతుక్కుపోయి. గిన్నెలో పెట్రోలు పోసి ముంచాడు. పెట్రోలు ఎర్రబడింది. పారబోసి మళ్లీ పోశాడు. మిగతా మిషనూ అలాగే కడిగి పక్కన పెట్టాడు. ఫ్యాను ఆపమన్నాడు. కిరణ్ ఆపాడు. ఆ ఉక్కలో ముగ్గురి ఊపిరీ వినబడుతోంది. సన్నని కుంచె చుట్టల మధ్య కదులుతూ కదులుతూ ఒకచోట ఆగిపోయింది.

"ఏమప్పా?" అంది ఆమె.

"ఈడ నల్లమచ్చ. మాట్లాడాకు."

ఆస్పత్రి తలుపు ముందు కూడా ఎవరో ఇలాగే మాట్లాడొద్దన్నారు. కృష్ణమ్మ కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి చక్రం మళ్లీ వాచీలో కూర్చుని ఉంది. అబ్రహాము కీ తిప్పాడు. కదల్లేదు. రబ్బరు బుడ్డితో గాలి కొట్టాడు. చక్రం వణికి ఆగింది. కిరణ్ జేబులో కారు తాళాలు చప్పుడయ్యాయి. మళ్లీ కొట్టాడు. చక్రం అటు తిరిగింది, ఇటు తిరిగింది, మళ్లీ అటు.

అబ్రహాము పెద్దగా ఊపిరి వదిలి, వాచీని ఆమె చేతికిచ్చాడు. చెవికి ఆనించుకుంది. ఏమీ వినబడలేదు. ముఖం పాలిపోయింది.

"నిలబడిపాయ."

"ఆ చెవి ఇనపడదు గదమ్మా నీకు!" కిరణ్ విసుక్కుంటూనే వంగి ఆమె తల ఇటు తిప్పాడు. "ఈ పక్క పెట్టుకో."

వినబడింది. అప్పటికంటే కొంచెం తొందర తొందరగా. కానీ అదే.

"ఒక మాట," అన్నాడు అబ్రహాము, వాచీ తీసుకొని మూత బిగిస్తూ. "మళ్లా దేవుని గూట్లో పెడితే ఇదే గతి. దినామూ కీ ఇయ్యల్ల, ఎవురన్నా చేతికి కట్టుకోవల్ల. అట్లయితేనే బతుకుతాది. నువ్వు కట్టుకోప్పా."

కిరణ్ చెయ్యి వెనక్కి పోయింది. "నేనొద్దు. కల్పన అట్లుండాది... పోయినోళ్లది, ఇప్పుడొద్దు."

కృష్ణమ్మ ఎడమ చెయ్యి చాపింది. గాజులు తీసిన నాటి నుంచి ఆ మణికట్టు మీద ఏదీ లేదు. బెల్టు వదులై, వాచీ మోచేతి దాకా జారింది.

"మొగోళ్ల వాచీ గదమ్మా," అన్నాడు కిరణ్. "రేపు ఇంటినిండా సుట్టాలు. నవ్వుతారు."

"నవ్వనీ. ముహూర్తానికి టైమెంతని అడుగుతారు గదా, చెప్తాలే."

అబ్రహాము బెల్టుకు ఇంకో బెజ్జం కొట్టి బిగించాడు. "ఇంగ నువ్వే కీ ఇయ్యి పెద్దమ్మా. బిగుతు తగిలినాక ఇడిసిపెట్టు. ఆపైన తిప్పితే తెగుతాది."

ఆమె ఎన్నడూ తిప్పి ఎరగదు. రెండు వేళ్లతో పట్టుకొని కొంచెం తిప్పి, అబ్రహాము ముఖంలోకి చూసింది.

"చాలా నాయనా?"

"ఇంగొంచెం."

తిప్పింది. వేలికి అడ్డం తగిలింది. కాలిన గిన్నెను వదిలినట్లు చటుక్కున వదిలేసింది.