కాళమ్మ పేరు రాసినాకే

“పక్కకు జరుగమ్మా, ఫోటోలో పడతావు.”

గ్రామాధికారి ఆ మాట అన్నది కాళమ్మతో. ఆమె నిలబడింది తను నాటి, కలుపు తీసిన రాగి చేలో. తుపాను వాన ఆరు రోజులు వదలకుండా కురిసి, కోతకొచ్చిన కంకులు చేలోనే మొలకెత్తాయి. పంటనష్టం ఫోటోకు నిలబడింది మాత్రం చెన్నకేశవ. భూమి ఆయనది, కాపురం మత్తిగిరిలో. ఆ పైరును ఆయన చూడటం అదే మొదటిసారి.

నేను హోసూరు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కార్మికురాలిని. అత్తిముగం దగ్గర మా ఊరికి సెలవు మీద వెళ్లి, గట్టు మీద నిలబడి ఇదంతా కళ్లారా చూశాను.

“సార్, తొమ్మిదేండ్లుగా పంటలో సగమిచ్చి కోరుకు చేస్తాండాము. పైరు మాది” అన్నాడు కాళమ్మ భర్త అంకప్ప.

“కాయితం ఉండాదా?”

“కాయితం అడిగితే భూమి ఎవురిస్తారు సార్?”

చెన్నకేశవ నవ్వాడు. “పరిహారం రానీ, వాళ్లకు ఏదో ఒకటి ఇస్తాలే.”

ఆ సాయంత్రం పాల సొసైటీ షెడ్డులో ఊరు కూడింది. మర్నాడు నష్టపోయిన రైతుల జాబితా చదువుతారు. ప్రతి చేనుకూ పక్క చేని రైతు సాక్షి సంతకం పెట్టాలి.

“మా కోరు రైతుల పేర్లు రాసేదాకా ఎవురూ పెట్టద్దండి” అన్నది కాళమ్మ.

సొంత భూమి ఉన్న మంజులమ్మ లేచింది. “నాకు రెండెకరాల రాగి పోయింది. పట్టా ఉండాది, పేరెక్కింది. నీ కోసరం నేను పోగొట్టుకునేదా?”

“నాకు పోయింది కూడా రాగే కదా, మంజులక్కా!”

“ఆఫీసోళ్లతో పెట్టుకుంటే ఇంకొకతూరి మన దిక్కే రారు” అన్నాడు శేషప్ప.

నేను ఊరుకోలేకపోయాను. “మా ఫ్యాక్టరీలో పర్మనెంటు వాళ్లు ఒక పక్క, కాంట్రాక్టు వాళ్లం ఒక పక్క నిలబడ్డాం. రెండుసార్లు సమ్మె చేసి రెండుసార్లూ ఓడిపోయాం.”

ఏదీ తేలకుండానే లేచిపోయారు.

మర్నాడు పంచాయతీ ఆఫీసు ముందు గ్రామాధికారి చెన్నకేశవ పేరే మొదట చదివాడు. పక్క చేను మంజులమ్మది. ఆమె పెన్ను తీసుకుంది.

“ఏమని రాసినారు సార్?”

“ఆయనే పైరు పెట్టినాడని.”

ఆమె కాగితం మీద ఆ పేరు దగ్గర వేలు పెట్టింది. “ఆ చేలో కలుపుకు నేను పోయినాను. నా చేలో కలుపుకు కాళమ్మ వచ్చింది. ఈయప్ప యాడా కనపడలేదే!” పెన్ను బల్ల మీద పెట్టేసింది. “కాళమ్మ పేరు రాసినాకే నా సంతకం.”

“అట్లయితే నీకూ రాదు.”

“రాకపోనీ” అన్నది.

తరువాతి చేనుకు సాక్షిగా మునెప్పను పిలిచారు. అదే మాట. శేషప్ప తల గోక్కుంటూ వచ్చి అదే మాట అన్నాడు. ఇరవై మూడు పేర్లు చదివారు. ఒక్క సంతకం పడలేదు.

మధ్యాహ్నానికి పోలీసు జీపు వచ్చింది. ప్రభుత్వ పనికి అడ్డం పడ్డాడని అంకప్పను ఎక్కించారు. ఆడవాళ్లు జీపు వెంట పరుగెత్తి, రోడ్డు మీదే కూర్చున్నారు. అయిదో రోజు అతను బెయిలు మీద వచ్చాడు. పెదవి చిట్లి ఉంది.

దాచను. ఆ తుపానుకు మా ఊళ్లో ఒక్క ఇంటికీ సాయం అందలేదు. చెన్నకేశవ కాళమ్మను భూమి నుంచి తప్పించాడు. ఆమె గులాబీ తోటలకు కూలికి పోతోంది. మంజులమ్మతో ఆమె కొడుకు మాట్లాడటం మానేశాడు.

మొన్న ఉద్దనపల్లి వైపు నుంచి నలుగురు ఆడవాళ్లు కాళమ్మ ఇంటికి వచ్చారు. వడగళ్లకు టమాటా పోయిన కోరు రైతులు. సోమవారం వాళ్ల జాబితా చదువుతారు.

“నువ్వొచ్చి మాట్లాడల్లమ్మా” అన్నారు.

విషయం తెలిసి మంజులమ్మ వచ్చింది. “నువ్వు చెప్తే ఆడ పట్టా ఉండేవోళ్లు వినరు కాళమ్మా. వాళ్లకు నేను చెప్పల్ల.”

“నీ కొడుకు ఏమంటాడో అక్కా?”

“అననీ. బస్సు ఎన్ని గంటలకు?”

సోమవారం నేనూ సెలవు పెట్టాను. పొద్దున ఉద్దనపల్లి బస్సులో మా ఊరి వాళ్లం పంతొమ్మిది మందిమి ఎక్కాం.