ఆగిన మోటారు మోత

పదిహేడో మోటారు బల్ల మీదికి వచ్చేసరికి తొమ్మిదిన్నర కావస్తోంది. జనార్దనం స్విచ్చి వేసి, అది వేగం అందుకునేదాకా ఆగి, మూరెడు పొడుగు స్క్రూడ్రైవర్ మొనను బేరింగు ఉన్నచోట మోపాడు. కర్ర పిడిని కుడిచెవి ముందరి ఎముకకు ఆనించాడు. ఎడమచెవిని అరచేత్తో మూసి, కళ్లు కూడా మూసుకున్నాడు. చూసేవాళ్లకు నిలబడి కునుకు తీస్తున్నట్టు ఉంటుంది. అంబత్తూరులోని ఈ నీళ్ల మోటార్ల కంపెనీలో ఇరవయ్యారేళ్లుగా అతను చేస్తున్న పని అంతా ఇదే. మోటారు కడుపులో ఏముందో వినాలి. బాగుంటే పక్కకు తోయాలి. బాగాలేకపోతే దాని ఒంటి మీద సుద్దతో ఇంటూ గుర్తు కొట్టాలి.

కీ... మని సన్నటి మోత వినిపించింది. ఇంటూ కొట్టాడు.

మనిషి పొట్టి. యాభయ్యారేళ్లకు సరిగ్గా యాభయ్యారేళ్లవాడిలాగే ఉంటాడు. కంపెనీ వాళ్లిచ్చిన నీలం చొక్కా భుజాల దగ్గర వెలిసిపోయింది. మెడ చుట్టూ చెమట తుడుచుకునే తువ్వాలు. తన పెళ్లి ఫోటోల్లోనే పురోహితుడి వెనకాల సగం కనబడే రకం. ఇన్నేళ్లు కర్ర పిడి ఆని ఆని కుడిచెవి ముందు చర్మం గట్టిపడి కాయ కాసింది. ఆ కాయ తప్ప అతని గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అతనూ అంతకన్నా కోరుకోలేదు.

ఈ వారంలో ఇది ముప్పై ఒకటో ఇంటూ. బేరింగు కీచుమందంటే దాన్ని ఇరుసు మీదికి ఎక్కించినవాళ్లు వంకరగా నొక్కారని అర్థం. ఎక్కించేది వల్లి. షెడ్డు మధ్యలో ఉన్న ప్రెస్సు దగ్గర ఆరేళ్లుగా ఆమే నిలబడుతోంది. వెనక్కి పంపిన మోటార్లు విప్పి చూసినవాళ్లకు కంటికేమీ కనబడలేదు. కనబడకపోతేనేం, తప్పుందని జనార్దనం చెవి చెప్పిందంటే ఉన్నట్టే. కంపెనీలో ఇంజనీర్లు మారారు, మేనేజర్లు మారారు కానీ ఆ చెవిని శంకించినవాడు లేడు. అందుకే గోడమీద నల్లబోర్డు పైన "బేరింగు తప్పులు" అని రాసి, కింద వల్లి పేరు రాశారు. సోమవారం నుంచి ఆమెను అట్టపెట్టెలు కట్టే పనికి మారుస్తూ కాగితం కూడా తయారైందని పొద్దున తెలిసింది. పేరు బోర్డెక్కేదాకా "మామా, మామా" అంటూ రోజూ తన మజ్జిగలో సగం పోసే మనిషి, వారం రోజులుగా అతని బల్ల వైపు చూడడం మానేసింది.

జనార్దనానికి జాలిగానే ఉంది. కానీ మోత మోతే కదా అనుకున్నాడు.

ఇంకొక మోత సంగతి అతను కంపెనీలో ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ల కిందట, ఒక ఆదివారం పొద్దున, తొండియార్‌పేటలోని ఇంట్లో స్నానానికి వెళ్లి బకెట్టు నిండి పొర్లిపోతున్నా కొళాయి కట్టకుండా గంటసేపు కూర్చుండిపోయాడు. ఎందుకని అడిగితే చెప్పడానికి కారణం లేదు. చెయ్యి ఎత్తబుద్ధి కాలేదు, అంతే. ఆ తర్వాత అన్నం ఎత్తబుద్ధి కాలేదు, మాట ఎత్తబుద్ధి కాలేదు. నెలరోజులు చూసి, అతని భార్య పంకజం చెయ్యి పట్టుకుని మనసు డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. మాత్ర మొదలుపెట్టిన ఐదో వారంలో జనార్దనం రెండోసారి చారు పోయమని అడిగాడు. పంకజం వంటింట్లోకి పోయి ఏడ్చింది.

మూడు నెలల కిందట మాత్ర మోతాదు పెంచాక, ఇల్లు సద్దుమణిగినప్పుడల్లా చెవుల్లో కీ మని మొదలైంది. ఈ మందుతో కొందరికి అలా వస్తుందని, నెమ్మదిగా మారుద్దామని, సొంతంగా మాత్రం ఆపొద్దని డాక్టరమ్మ చెప్పింది. అతను సొంతంగానే ఆపాడు. ఆరు రోజులకు కళ్లు తిరిగి, ఏడుపు ముంచుకొచ్చి, మళ్లీ కొళాయి కింద కూలబడితే పంకజమే లేపింది. అప్పట్నుంచి మాత్ర గొంతు దిగేదాకా ఎదురుగా నిలబడి చూస్తుంది. ఇంట్లో మోగేది జబ్బు తాలూకు మోత, ఫ్యాక్టరీలో వినబడేది ఇనుము తాలూకు మోత అని జనార్దనం రెంటినీ విడదీసి పెట్టుకున్నాడు. ఇరవయ్యారేళ్ల చెవికి ఆ మాత్రం తేడా తెలియదా అని అతని ధీమా.

పదకొండింటికి కరెంటు పోయింది.

షెడ్డంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. జనార్దనం కళ్లు తెరవలేదు. పిడి చెవికి ఆనే ఉంది, కీ మని వినబడుతూనే ఉంది. మోటారు ఇంకా పూర్తిగా ఆగలేదేమో అనుకున్నాడు. కాసేపటికి కళ్లు తెరిచి చూస్తే మోటారు వెనక ఉన్న ఫ్యాను రెక్క కదలడం లేదు. వేలు పెట్టి తాకాడు. రెక్క చల్లగా, నిశ్చలంగా ఉంది. మళ్లీ చెవి మూసి విన్నాడు. కీ.

బల్ల చెక్కకు మోపి విన్నాడు. తన మోకాలికి మోపి విన్నాడు. పొద్దున్నుంచి ఇంటూ కొట్టి వరసగా నిలబెట్టిన మోటార్ల దగ్గరికి వెళ్లి ఒక్కొక్కదానికీ చెవి పెట్టాడు. ఒక్కటీ తిరగడం లేదు. అన్నీ పాడుతున్నాయి.

జనరేటరు అందుకుంది. జనార్దనం బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. సిగ్గు వేసింది. దానికన్నా ముందు, లోపల ఏదో తెగి కింద పడ్డట్టు అలసట కమ్మింది.

భోజనం వేళ సైకిల్ స్టాండు వెనక్కి పోయి ఇంటికి ఫోను చేశాడు. పంకజం చీరలకు ఫాల్సు కుడుతున్నట్టుంది, మిషను చప్పుడు వినబడుతోంది.

"తింటిరా?" అంది.

"పంకజం, ఆ మాత్ర ఒక పది దినాలు ఆపితే చెవి సర్దుకుంటాదేమో."

మిషను ఆగిపోయింది.

"పోయినతూరి ఆపితే ఏమయిందో గ్యాపకం ఉండాదా?"

"ఉండాది."

"నాకు చెవి వద్దు. మనిషి కావాల." మిషను ఒక్కసారి కదిలి మళ్లీ ఆగింది. "పనికి పోకపోయినా పరవాలే. ఇంట్లో మోగతా కూర్చోండి. బుధవారం డాక్టరమ్మ దగ్గరికి పోదాం, మెల్లగా మారస్తానని చెప్పింది కదా. ఇప్పుడు పోయి అన్నం తినండి."

అతను తినలేదు. చెవి పాడైందని చెబితే ఎందుకని అడుగుతారు. మాత్ర వల్ల అంటే ఏం మాత్ర అంటారు. ఆ మాత్ర పేరు బయటపడ్డాక జనార్దనం అన్న పేరు పోయి, పిచ్చాసుపత్రి ఉన్న పేట పేరుతో 'కీల్పాక్ కేసు' అన్న పేరు మిగులుతుంది. పూర్వం స్టోర్సులో పనిచేసిన ఒకతన్ని అలా పిలిచి నవ్వినవాళ్లలో తనూ ఉన్నాడు. చెప్పకపోతే సోమవారం వల్లి పెట్టెలు కడుతుంది. వేరే ఎవరో ప్రెస్సు దగ్గర నిలబడతారు. కీ మని మోగుతూనే ఉంటుంది. అప్పుడు వాళ్ల పేరు బోర్డు ఎక్కుతుంది.

రెండింటికి మేనేజరు శ్రీకుమార్ గదిలోకి వెళ్లాడు. ముప్పై ఐదేళ్ల కుర్రమనిషి, జనార్దనం అంటే గౌరవం. ఇంట్లో తెలుగే అయినా మాటకు ముందు అరవమే వస్తుంది.

"వాంగన్నా, రండి, కూర్చోండి."

జనార్దనం కూర్చోలేదు. "వల్లి కాగితం ఆపండి సార్. ఆ బేరింగులు బాగుండాయి. నా చెవే బాగలేదు."

"ఏందన్నా చెప్తాండారు?"

"మనసుకి మాత్ర వేసుకుంటాండా, రెండేళ్లుగా. దాంతో మూడు నెలలుగా చెవిలో మోగతాది. ఆ మోతనే మోటారు మోత అనుకున్నా. కరెంటు పోయినప్పుడుగానీ నాకే తెలీలా."

శ్రీకుమార్ లేచి తలుపు దగ్గరకు వేశాడు. తిరిగి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. "ఇది ఎవరికీ చెప్పొద్దన్నా. మీరు చెవి చూపించుకునేదానికి లీవు పెట్టండి. మూడు నెలలుగా మంచి సరుకు వెనక్కి పంపినామని పైన తెలిస్తే నా తల పోతాది. వల్లిదేముంది, పెట్టెలు కట్టేదీ పనే కదా."

అతను చెడ్డవాడు కాదు. జనార్దనానికి ఆ మాట ఎంత తీయగా వినబడిందో చెప్పడం కష్టం. లీవు పెట్టి ఇంటికి పోయి పడుకుంటే చాలు, ఎవరూ ఏమీ అడగరు.

"ఆ పిల్ల చెయ్యి తప్పని ఆడ గోడ మీద రాసుండారు సార్," అన్నాడు. "దాన్ని చెరపాల."

మారు మాట కోసం ఆగకుండా బయటికి నడిచాడు. నల్లబోర్డు ముందు నిలబడి, మెడమీది తువ్వాలు తీసి వల్లి పేరు తుడిచాడు. షెడ్డులో చేతులు ఆగాయి. జనార్దనం గొంతు పెంచి మాట్లాడడం అక్కడ ఎవరూ ఎప్పుడూ వినలేదు. ఇప్పుడూ పెద్దగా పెంచలేదు.

"వల్లి బిగించిన దాంట్లో తప్పు లేదు. నేను మనసుకి మాత్ర తింటాండా. చెవి పోయింది. తప్పంతా నాదే."

ఎక్కడో వెనకనుంచి ఎవరో "కీల్పాక్" అన్నారు, ఎవరో నవ్వారు. అది మాత్రం అతనికి స్పష్టంగా వినబడింది. వల్లి నవ్వలేదు. ప్రెస్సు పిడి పట్టుకుని అలాగే నిలబడిపోయింది. శ్రీకుమార్ గుమ్మంలోనుంచి ఒకసారి చూసి, చేతిలో ఉన్న వల్లి బదిలీ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

జనార్దనం బల్ల దగ్గరికి వచ్చి మోటార్ల మీది సుద్ద గీతలు తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడిచాడు. తొందరేమీ పడలేదు. స్క్రూడ్రైవరు సొరుగులో పెట్టి మూశాడు. ఇరవయ్యారేళ్లలో మొదటిసారి సైరను మోగకముందే చొక్కా మార్చుకుని, గేటు దగ్గర సంతకం పెట్టి, ఇంక రానని వాచ్‌మన్‌కు చెప్పి, స్టేషను వైపు నడిచాడు. బేసిన్ బ్రిడ్జిలో రైలు మారి ఐదింటికల్లా ఇంట్లో ఉంటాడు. కొళాయి కట్టేసే చేతులు ఇంకా అతనివే ఉన్నాయి. అది చాలనుకున్నాడు, చాలదని తెలిసినా.

మూడున్నరకు టీ బండి వచ్చింది. వల్లి రెండు గ్లాసులు పోయించుకుని, ఒకటి తాను నిలబడే చోట పెట్టి, రెండోది జనార్దనం బల్లకు తీసుకువచ్చింది. అక్కడ ఎవరూ లేరు. కాసేపు చూసింది, గేటు వైపు కూడా చూసింది. గ్లాసును బల్ల మధ్యలో పెట్టి, పైన అట్టముక్క కప్పబోయి మానేసి, వెళ్లి తన పని అందుకుంది. టీ మీద మీగడ కట్టింది. ప్రెస్సు దిగిన ప్రతిసారీ ఆ మీగడ సన్నగా ముడతపడి, మళ్లీ సర్దుకుంటోంది.