గీత బయట ఒక సీజను

కలకత్తా మైదానంలో నేను ఫుట్‌బాల్ ఆడేవాణ్ని, రైట్ వింగ్‌లో. ఈ మాటంటే రేవు పక్కన మా మెటియాబ్రుజ్ పేట కుర్రాళ్ళు ఇప్పుడు నా పొట్టకేసి చూసి నవ్వుతారు. నవ్వుకోనీ, నాకేం పోయింది. ఎనభై నాలుగులో మాత్రం నేను బంతి తీసుకుని సున్నపు గీత వెంట పరుగు తీస్తే, వెంటపడ్డ అవతలి జట్టు బ్యాకు రొప్పుతూ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయేవాడు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. పేరు అప్పలసూరి. బెంగాలీలకి అంత పేరు నోరు తిరగదు, సూర్యో అనేవారు.

మా అయ్య గవరయ్య రేవులో ఒక గోదాముల కంపెనీలో ఖలాసీ. శ్రీకాకుళం సముద్రపొడ్డు నుంచి పదహారో ఏట వచ్చి నలభై ఏళ్ళు గోనెసంచులు మోశాడు. నన్ను మాత్రం ఒక్క సంచీ ముట్టనివ్వలేదు. ఆ కంపెనీకి లీగులో ఫుట్‌బాల్ జట్టుండేది. ఆటగాళ్ళకి పేరుకే ఉద్యోగం. పొద్దున హాజరు వేయించుకోవడం, పదకొండింటికి ప్రాక్టీసుకి పోవడం. మూడు సీజన్లు ఆడితే ఉద్యోగం పర్మనెంటు చేస్తారు. నేను రెండు ఆడాను.

అప్పుడు పెద్ద క్లబ్బు వచ్చింది. ఏ క్లబ్బో చెప్పను. చెబితే అవతలి క్లబ్బు అభిమానులు ఇప్పటికీ నన్ను తిడతారు. ఏప్రిల్‌లో ఆటగాళ్ళు క్లబ్బులు మారడానికి పదిహేను రోజులు గడువుండేది. ఆటగాడు స్వయంగా లీగు ఆఫీసుకి వెళ్ళి సంతకం పెట్టాలి. పెట్టేలోపు అవతలివాళ్ళు ఎత్తుకుపోకుండా ఇవతలివాళ్ళు మనిషిని దాచేస్తారు. ఊరికే అనడం లేదు, నిజంగానే ట్యాక్సీలో కుక్కుకుని పోయేవారు.

బయల్దేరేటప్పుడు మా అయ్య అడ్డుపడ్డాడు.

"ఒక్క ఏడు ఆగరా. నౌకరీ పక్కా అయిపోనీ. తరవాత ఏ కలబ్బుకైనా ఎల్లు."

"వచ్చే ఏడు ఆళ్ళు రాకపోతే?"

ఆయన బీడీ ఆఖరిదాకా పీల్చి పారేశాడు. "సర్లే. పెద్ద మేచీలో నువ్వు ఆడతంటే సూడాలని నాకూ ఉంది" అన్నాడు. అంతే, రాజీనామా ఇచ్చేశాను.

మొంటూ దా అని (దా అంటే బెంగాలీలో అన్న) క్లబ్బు మనిషి ఒకాయన నన్ను నగరం చివర కొత్తగా వెలుస్తున్న సాల్ట్ లేక్‌లో ఒక కొత్త ఇంట్లో తొమ్మిది రోజులు దాచాడు. చుట్టూ ఇసుక, అక్కడొక ఇల్లు, ఇక్కడొక ఇల్లు. కొత్తల్లుడి మర్యాదలు. పొద్దున లూచీలు, అంటే మైదా పూరీలు, మధ్యాహ్నం మాంసం. కిటికీ మాత్రం తెరవకూడదు. పదో రోజున ముందొక కారు, వెనకొక కారు పెట్టి తీసుకెళ్ళి సంతకం పెట్టించారు. నా అంత మొనగాడు కలకత్తాలో లేడనుకున్నాను, ఎదవని.

సీజను మొదలైంది. మొదటి ఆటకి మా సందులో తెలుగువాళ్ళు పాతికమంది వచ్చారు. నేను బెంచీ మీద కూర్చున్నాను. రెండో ఆటకీ అంతే, ఐదో ఆటకీ అంతే. ట్రాక్‌సూటు విప్పే పని పడలేదు. మొదట్లో కడుపు మండిపోయేది. వానలు ముదిరేసరికి అది కూడా పోయింది. ఆట మొదలయ్యేది, అయిపోయేది. జనం అరిస్తే తలెత్తి, గోల్ ఎవరు వేశారని పక్కవాణ్ని అడిగేవాణ్ని.

ఒకరోజు, మైదానంలో ఆఫీసుగా వేసుకున్న క్లబ్బు గుడారంలో మొంటూ దా దగ్గరికెళ్ళి అడిగేశాను, నన్నెప్పుడు దింపుతారు దాదా అని. ఆయన మంచివాడే, అబద్ధం చెప్పలేదు.

"నిన్ను ఆడించడానికి కాదురా సూర్యో, అవతలి క్లబ్బుకి దొరక్కూడదని తీసుకున్నాం. మన రైట్ వింగ్‌కి మనిషున్నాడు కదా" అన్నాడు. తర్వాత, భోంచేశావా అని అడిగాడు. చేశానన్నాను. కోపం రావాలి కదా, రాలేదు.

మా అయ్యకి ఈ సంగతి చెప్పలేదు. ఆయన ఒక్క ఆటా మానలేదు. డ్యూటీ మార్చుకుని, రెండు బస్సులు మారి వచ్చి, చెక్క గ్యాలరీలో పైమెట్టు మీద కూర్చునేవాడు. అవతలి క్లబ్బుతో పెద్ద మ్యాచి నాడు, ఆట ముగియడానికి ఇంకో పది నిమిషాలుందనగా కోచ్ బెంచీ వైపు చూశాడు. నేను లేచాను. "నువ్వు కాదు" అన్నాడు. కూర్చున్నాను. మా అయ్య పక్కనే కూర్చున్న పెద్దిరాజు, మా సందులోవాడే, అందరికీ వినబడేలా అన్నాడట: "ఏటి గవరయ్యా, నీ కొడుకు కలబ్బులో కుర్సీలు కాయడానికి ఎల్లినాడేటి?"

ఈ మాట నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

సీజను అయిపోయింది, క్లబ్బు పొమ్మంది. మళ్ళీ ఏప్రిల్ వచ్చింది. ఈసారి నన్నెత్తుకుపోవడానికి ఎవరూ రాలేదు. అప్పటికి నాకు పెద్ద క్లబ్బు మీద ఆశ లేదు. ఏదో ఒక జట్టు, గీత లోపల ఒక చోటు దొరికితే చాలు. పన్నెండో రోజున సిగ్గు విడిచి నేనే ఒక చిన్న క్లబ్బు గుడారానికి వెళ్ళాను. అక్కడి సెక్రెటరీ టీ ఇప్పించాడు.

"మోకాలు బాగయ్యాక రా బాబూ" అన్నాడు.

"నా మోకాలికేం?"

"దాస్తావెందుకు? మైదానమంతా తెలుసు. మీ నాన్నే చెప్పాడు కదా."

గుడారం బయట గడ్డిలో ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తి చూపించాను. మూడుసార్లు. ఆయన జాలిగా తలాడించాడు. "నొప్పి తెలీకుండా సూది వేయించుకుని వచ్చుంటావు. ఎంతమందిని చూడలేదు! లేని దెబ్బ ఉందని ఏ కన్నతండ్రైనా చెబుతాడా?"

ఇంటికొచ్చి, మా అమ్మ తవిటమ్మ పెట్టిన కంచం గోడకేసి కొట్టాను. "ఏటి సేసినావయ్యా! నా మోకాలికి ఏటయింది?" అని అరిచాను. సందంతా వినే ఉంటుంది.

మా అయ్య మెతుకులు ఏరుతూ చెప్పాడు. "అడిగినోడికల్లా ఏటి సెప్పమంతావురా? ఆట రాదు, అందుకే కూకోబెట్టినారని నవ్వతన్నారు. మోకాలు పోనాదంటే అయ్యో అంతారు. నవ్వకుండా ఉంతారని సెప్పీసినాను. రేవులో మాట మైదానం దాకా ఎల్తాదని నాకేటి తెలుసు?"

వెళ్ళి పడుకున్నాను. గడువులో మిగిలిన మూడు రోజులూ అలాగే పోయాయి.

నెల తర్వాత ఒక పొద్దున, "బిశ్వాస్ బాబు నిన్ను తెమ్మన్నాడు, రా" అన్నాడు అయ్య. బిశ్వాస్ బాబంటే కంపెనీ యూనియన్ సెక్రెటరీ. ఆ రోజుల్లో మేనేజరు సంతకం కంటే ఆయన తలూపడమే పెద్ద. పాత జట్టులోకి తీసుకుంటారనుకున్నాను. ఇంత జరిగినా ఆశ ఎలా పుట్టుకొచ్చిందో, సంచిలో బూట్లు పెట్టుకున్నాను.

యూనియన్ ఆఫీసులో బిశ్వాస్ బాబుతో పాటు కమిటీ వాళ్ళు ఇద్దరున్నారు. కాగితం ముందే రాసి ఉంది. గోదాము గేటు దగ్గర కూర్చుని లారీల చీట్లు చూసే ఉద్యోగం. పర్మనెంటు.

"నేను ఆట కోసం వచ్చాను దాదా" అన్నాను.

"జట్టులోకి కొత్తవాడు వచ్చేశాడు. అక్కడ చోటు లేదు" అన్నాడు బిశ్వాస్ బాబు. "ఆటలో కాలు పోగొట్టుకున్న పిల్లాడు, ఏదైనా కూర్చునే పని ఇప్పించమని గవరయ్య నెల రోజులుగా నా వెంట తిరుగుతున్నాడు. నలభై ఏళ్ళు మా జెండా పట్టుకున్న మనిషని ఒప్పుకున్నాం. బయట లైనులో మూడొందల మంది ఉన్నారు, తెలుసా?"

కమిటీవాడొకడు నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "మొన్న సైకిల్ తొక్కుతుంటే చూశాను. ఇతనికేమైంది?"

బిశ్వాస్ బాబు కళ్ళజోడు తీసి, గదికి ఆ చివర ఉన్న మంచినీళ్ళ కుండ చూపించాడు. "అక్కడిదాకా నడిచి రా" అన్నాడు.

మామూలుగా నడిస్తే ఉద్యోగం పోతుంది. రెండేళ్ళలో రిటైరయ్యే మా అయ్య తన యూనియన్ ముందు అబద్ధాలకోరు అవుతాడు. కుంటితే, రేవులో అన్న మాట మైదానానికి చేరడానికి ఒక్క రోజు చాలు. ఇక ఏ క్లబ్బూ నన్ను గడ్డి మీదికి రానివ్వదు. నాకు ఇరవై మూడేళ్ళు. ఎడంచేతిలో బూట్ల సంచి ఉంది. మా అయ్యకేసి చూశాను. ఆయన నేలకేసి చూస్తున్నాడు.

సంచి బల్ల కింద పెట్టాను. కుంటుతూ నడిచాను.

బాధేమీ అనిపించలేదు. ఒక అడుగు నొక్కి, ఒక అడుగు ఈడ్చి, నెమ్మదిగా వెళ్ళాను. కుడి వైపు ఆడినవాణ్ని, నాకు కాలంటే కుడికాలే. దాన్నే ఈడ్చాను. సగం దూరంలో మా అయ్య, కొడుక్కి సాయం పడుతున్నట్టు గబగబా వచ్చి జబ్బ పట్టుకున్నాడు. గ్లాసుతో నీళ్ళు ముంచి ఇస్తూ, వెనకవాళ్ళకి వినబడకుండా నా చెవిలో అన్నాడు.

"ఎడమదిరా నాయినా. ఎడమకాలని సెప్పినాను."

నీళ్ళు తాగి గ్లాసు బోర్లించాను. వెనక్కి తిరిగి, ఎడమకాలు ఈడ్చుకుంటూ బల్ల దాకా నడిచాను. ఏ కాలో ఎవరూ పట్టించుకోలేదు. బిశ్వాస్ బాబు అప్పటికే సంతకం పెడుతున్నాడు.